బే ఏరియా నుంచి డాలస్‌కు మారితే నిజంగా ఎంత మిగులుతుంది?

మీ ప్రశ్నను ఇతర పాఠకుల సౌకర్యం కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు కాలిఫోర్నియా బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో నెలకు 3,400 డాలర్ల అద్దెకు రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. దంపతులిద్దరి జీతాలు కలిపి ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్లు. మీది హెచ్-1బీ ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది, గ్రీన్ కార్డు వరుసలో మీ స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ 2017. మీ శ్రీమతి హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నారు. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనే ఆశ ఎలాగూ లేదు కనుక, టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకు వెళ్లి నాలుగు పడకగదుల ఇల్లు కొనుక్కుంటే, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు కాబట్టి, చేతిలో బాగా మిగులుతుందా అని అడిగారు.

నేను బే ఏరియాలోనే ఉన్న సన్నీవేల్‌లో చాలా ఏళ్లు ఉండి తరువాత ఫ్రిస్కోకు వచ్చి స్థిరపడ్డాను. పన్నుల లెక్కలు నా వృత్తి. మీరు వెళ్లాలనుకుంటున్న దారిలో వచ్చిన తెలుగు కుటుంబాల రిటర్నులు ప్రతి ఏటా నా చేతుల మీదుగా వెళుతుంటాయి. వాటిని చూసి నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, కాలిఫోర్నియా విడిచి రావడం వల్ల మిగులు తప్పకుండా సాధ్యమే, కాని అది వచ్చేది పన్ను లేకపోవడం నుంచి కాదు. మొదటి రెండేళ్లు మీరు ఎలాంటి ఇంట్లో ఉంటారు, మీ జీతంలో ఎంత కోత పడుతుంది అనే రెండు విషయాలే ఆ మిగులును నిర్ణయిస్తాయి.

ముందుగా అందరూ చెప్పే ఆదాయపు పన్ను సంగతి చూద్దాం. ఉమ్మడిగా రిటర్ను వేసే దంపతులకు 3 లక్షల డాలర్ల జీతం మీద, స్టాండర్డ్ డిడక్షన్ తీసివేసిన తరువాత, కాలిఫోర్నియా ఆదాయపు పన్ను సుమారు 20,000 డాలర్లు అవుతుంది. మీరు ఉన్న శ్లాబు 9.3 శాతం. చాలామంది నోట వినిపించే 13.3 శాతం మీకు వర్తించేది కాదు, అది పది లక్షలు దాటిన ఆదాయాల వారికి. దీనికి తోడు జీతంలో ఎస్‌డీఐ (రాష్ట్ర వైకల్య బీమా) అనే కోత ఒకటి ఉంది. 2024లో దానికి ఉన్న జీత పరిమితిని తొలగించారు కనుక ఇప్పుడు మొత్తం జీతం మీద పడుతుంది. 2025లో దాని రేటు 1.2 శాతం, అంటే మీకు 3,600 డాలర్లు. రెండూ కలిపి ఏడాదికి దాదాపు 23,500 డాలర్ల చొప్పున, నెలకు సుమారు 1,950 డాలర్లు టెక్సాస్‌లో మీకు మిగలాలి. ఇంతవరకు మీ స్నేహితులు చెప్పినది నిజమే.

ఇక జీతం. పెద్ద టెక్నాలజీ కంపెనీలలో చాలావాటికి ప్రాంతాన్ని బట్టి జీతాల పట్టికలు వేరుగా ఉంటాయి. బే ఏరియా నుంచి డాలస్‌కు మారితే అలాంటి చోట కొత్త పట్టిక వర్తిస్తుంది. ఎంత తగ్గిస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది. మీ విషయంలో 10 శాతమే తగ్గిందనుకుందాం. ఏడాదికి 30,000 డాలర్లు తగ్గితే, దాని మీద మీరు కట్టవలసిన ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా తగ్గుతాయి కనుక, చేతికి వచ్చేదానిలో తగ్గేది 20,000 డాలర్లకు కొంచెం పైన ఉంటుంది. అంటే ఆదా అయిన 23,500లో మూడు వేలు మాత్రమే మిగిలింది. పది శాతం కోత రాష్ట్ర పన్ను ఆదాను దాదాపు పూర్తిగా మింగేస్తుందన్న ఈ లెక్కను ఇల్లు చూడటానికి ముందే వేసుకోవాలి. చాలామంది దీన్ని మేనేజరు నోటిమాట విని, «పెద్దగా తేడా ఉండదులే» అనుకుని వదిలేస్తారు. జీతం, బోనస్, ఇకపై ఇచ్చే షేర్లు, ఈ మూడింటి సంగతీ హెచ్‌ఆర్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి. ఎక్కువ కోత పడేది తరచుగా మూలవేతనంలో కాదు, మరుసటి ఏడాది ఇచ్చే షేర్లలో.

ఇప్పుడు అసలు విషయమైన ఇంటికి వద్దాం. ఫ్రీమాంట్‌లో విడి ఇల్లు 15 లక్షల డాలర్లకు తక్కువ దొరకడం కష్టం, అదే స్థాయి ఇల్లు ఫ్రిస్కోలో 7 లక్షలకు వస్తుంది. ఈ రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూసుకుని అందరూ సంతోషిస్తారు. కాని మీరు ఫ్రీమాంట్‌లో 15 లక్షల ఇంట్లో లేరు, 3,400 డాలర్ల అద్దె ఇంట్లో ఉన్నారు. పోల్చవలసింది ఆ అద్దెతో.

7 లక్షల ఇంటికి 20 శాతం, అంటే 1,40,000 డాలర్లు ముందు చెల్లించి, మిగిలిన 5,60,000 డాలర్లను 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల రుణంగా తీసుకుంటే నెల కిస్తీ సుమారు 3,540 డాలర్లు. మొత్తం ఆస్తి పన్ను రేటు 1.7 శాతం ఉన్న ప్రాంతమైతే, హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే పన్ను తగ్గింపు) పోగా ఏడాదికి 10,500 డాలర్ల దాకా, అంటే నెలకు 875 డాలర్లు పన్ను కట్టాలి. ఇంటి బీమా ఏడాదికి 4,500 అనుకుంటే నెలకు 375. కాలనీ సంఘం రుసుము 80. మొత్తం 4,870 డాలర్లు. మీ ఇప్పటి అద్దె కంటే నెలకు 1,470 డాలర్లు ఎక్కువ. జీతంలో కోత లేకపోతే, ఆదా అయిన 1,950లోంచి ఇది పోగా నెలకు 480 డాలర్లు మిగులుతుంది. పది శాతం కోత పడితే నెలకు 1,200 డాలర్లకు పైగా మీ చేతి నుంచే పోతుంది. కిస్తీలో మొదటి ఏడాది నెలకు 500 డాలర్ల దాకా అసలుకు జమవుతుంది కాబట్టి అదంతా నష్టం కాదన్న మాట నిజమే, కాని అది ఇంటి గోడలలో ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఉండదు.

అదే మీరు ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో 2,000 డాలర్ల అద్దెకు రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ తీసుకున్నారనుకోండి. అద్దెలో 1,400, పన్నులో 1,950 కలిపి నెలకు 3,350 డాలర్లు, ఏడాదికి 40,000 డాలర్లు మిగులుతాయి. జీతంలో పది శాతం కోత పడినా నెలకు 1,650 డాలర్ల వరకు మిగులు ఉంటుంది. ఊరు ఒకటే, ఉద్యోగం ఒకటే, కుటుంబం ఒకటే. పది శాతం కోత పడినప్పుడు ఒక లెక్కలో ఏటా దాదాపు 20,000 మిగులు, మరొక లెక్కలో పదిహేను వేల దాకా లోటు. తేడా అంతా ఇంటిది. నేను చూసిన కుటుంబాలలో ఎక్కువమంది రెండు పడకగదుల ఇల్లు వదిలి అయిదు పడకగదులు, మీడియా గది, ఈత కొలను ఉన్న ఇంటిలోకి దిగి, ఖర్చు తగ్గించుకోవడానికి వచ్చామన్న మాటను మొదటి గృహప్రవేశంతోనే మరిచిపోయినవారే. పెద్ద ఇల్లు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని పొదుపు అని పిలవడంలోనే నాకు అభ్యంతరం.

ఆస్తి పన్ను గురించి మరికొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కాలిఫోర్నియా నుంచి వచ్చేవారికి ఇది పూర్తిగా కొత్త పద్ధతి. అక్కడ 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 వల్ల మూల పన్ను కొన్న ధరలో ఒక శాతం, పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగదు. ఇరవై ఏళ్ల క్రితం కొన్నవాడు కొత్తగా కొన్న పక్కింటివాడు కట్టే దానికంటే చాలా తక్కువ కట్టవచ్చు. టెక్సాస్‌లో ప్రతి జనవరి 1 నాటికి మార్కెట్ విలువను కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ కొత్తగా నిర్ణయిస్తుంది. మీరు నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసుకుంటే, పన్నుకు లెక్కించే విలువ ఏటా 10 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి మాత్రం ఉంది. ఆస్తి పన్నులో బడులకు వెళ్లే వాటాకు సంబంధించి ఈ మినహాయింపును 2023లో 40,000 నుంచి 1 లక్షకు, 2025 నవంబరులో ఓటర్లు 1,40,000 డాలర్లకు పెంచారు. ఇది మంచి ఉపశమనమే, కాని మీరు దరఖాస్తు చేస్తేనే వస్తుంది, దానికి మీ టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామా ఉండాలి. ఏప్రిల్‌లో విలువ నోటీసు వస్తుంది, సాధారణంగా మే 15 లోపు అభ్యంతరం తెలపాలి. పక్క ఇళ్ల అమ్మకపు ధరలు, పైకప్పు పాతదనం, పునాది పగుళ్ల ఫొటోలు పట్టుకుని ప్రతి వసంతంలో ఈ పని చేసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరూ చేయాలి.

కొత్త ఇల్లు కొనేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. జనవరి 1 నాటికి మీ ఇల్లు ఇంకా ఖాళీ స్థలంగానో సగం కట్టిన గోడలుగానో ఉంటే, ఆ ఏడాది పన్ను ఆ స్థలం విలువ మీదే పడుతుంది. బ్యాంకు ఎస్క్రోలో (పన్ను, బీమాల కోసం కిస్తీతో పాటు వసూలు చేసే ఖాతాలో) ఆ తక్కువ పన్నును బట్టే నెలవారీ మొత్తం లెక్క కట్టినచోట, మరుసటి ఏడాది పూర్తి ఇంటి విలువ మీద పన్ను రాగానే, పాత లోటు, కొత్త పన్ను రెండూ కలిపి నెలకు వందల డాలర్లు ఒక్కసారిగా పెరుగుతుంది. రుణం తీసుకునేటప్పుడే పూర్తి విలువ మీద పన్ను లెక్క వేసి చూపించమని అడగండి.

ఫ్రిస్కో దాటి సెలీనా, ఆబ్రీ, లిటిల్ ఎల్మ్ వైపు వెళితే ఇదే పరిమాణంలో ఇల్లు లక్ష డాలర్లు తక్కువకు కనిపిస్తుంది. అక్కడ కొన్ని కొత్త కాలనీలలో నీటి గొట్టాలు, మురుగు కాలువలు, రోడ్లు వేయడానికి తెచ్చిన అప్పును మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అనే స్థానిక సంస్థ ద్వారా ఇంటి యజమానుల నుంచే అదనపు పన్నుగా వసూలు చేస్తారు. మొత్తం రేటు 2.4 శాతం దాటే చోట్లు ఉన్నాయి. 6 లక్షల ఇంటికి 2.4 శాతం అంటే, 7 లక్షల ఇంటికి 1.7 శాతం కంటే ఎక్కువే. ఏజెంటు ఇచ్చే రంగుల కాగితం మీద ఈ రేటు చిన్న అక్షరాలలో ఉంటుంది. ఇల్లు నచ్చిన వెంటనే కౌంటీ వెబ్‌సైటులో పక్క ఇంటి చిరునామా వేసి, ఏ ఏ సంస్థలు ఎంత శాతం వసూలు చేస్తున్నాయో చూడండి.

బీమా కూడా మీరు ఊహించే స్థాయిలో ఉండదు. డాలస్ ఉత్తర శివార్లలో వసంతకాలపు వడగళ్లు సర్వసాధారణం, గోల్ఫ్ బంతి పరిమాణంలో పడిన రోజులు కూడా ఉంటాయి. అందువల్ల ప్రీమియం ఎక్కువ కావడమే కాక, గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో అని పాలసీలో రాసి ఉంటుంది. 6 లక్షల బీమాకు రెండు శాతమంటే, పైకప్పు పాడైనప్పుడు మొదటి 12,000 డాలర్లు మీరే భరించాలి. ప్రీమియం తక్కువ ఉందని రెండు శాతం పాలసీ తీసుకునేవారు ఈ వాక్యాన్ని చదవరు. నేల సంగతి చెబితే మీకు వెంటనే అర్థమవుతుంది. ఇక్కడి మట్టి మన గుంటూరు ప్రాంతపు నల్లరేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్లు తెరుస్తుంది. దాని మీద కాంక్రీటు పలక పోసి ఇల్లు కడతారు కాబట్టి, వేసవిలో ఇంటి చుట్టూ సన్నని రంధ్రాల గొట్టం పరిచి పునాదికి నీళ్లు పెట్టాలి. పాత ఇల్లు కొంటే సాధారణ తనిఖీతో సరిపెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పునాదిని విడిగా చూపించండి.

డబ్బు లెక్కలన్నిటి కంటే ముందు తేలవలసిన విషయం మీ వీసా. హెచ్-1బీ మీద ఉన్నవారు తమ పిటిషన్‌లో చూపిన మెట్రోపాలిటన్ ప్రాంతం దాటి పని చేయాలంటే, వలసల శాఖ 2015లో ఇచ్చిన సిమియో నిర్ణయం తరువాత, సవరణ పిటిషన్ తప్పనిసరి. ఇంటి నుంచి పని చేసినా ఆ ఇల్లే పని ప్రదేశం అవుతుంది కనుక, «ల్యాప్‌టాప్ ఎక్కడున్నా ఒకటేగా» అన్న మాట ఇక్కడ చెల్లదు. సవరణ దాఖలైన తరువాత కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు, ఆమోదం వచ్చేదాకా ఆగనక్కరలేదు, కాని దాఖలు కాకముందు లారీ ఎక్కకూడదు.

గ్రీన్ కార్డు సంగతి ఇంతకంటే లోతైనది. మీ పెర్మ్ (గ్రీన్ కార్డుకు తొలి మెట్టయిన కార్మిక శాఖ ధ్రువీకరణ) ఫ్రీమాంట్ ప్రాంతంలోని ఉద్యోగానికి ఇచ్చినది. ఐ-485 (గ్రీన్ కార్డు తుది దరఖాస్తు) దాఖలై 180 రోజులు గడవకముందు మీ శాశ్వత ఉద్యోగ స్థలం వేరే ప్రాంతానికి మారితే, సాధారణంగా కొత్త పెర్మ్, కొత్త ఐ-140 కావాలి. మీ 2017 ప్రయారిటీ డేట్ కొత్తదానికి బదిలీ అవుతుంది కనుక వరుసలో మీ స్థానం పోదు. అయితే కొత్త పెర్మ్‌కు ఇప్పుడు ఏడాదికి పైగా పడుతోంది, ఆ కాలంలో కంపెనీ లేఆఫ్‌లు ప్రకటిస్తే పెర్మ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. పైగా మీతో పాటే పెద్దమ్మాయికీ గ్రీన్ కార్డు రావాలంటే ఆమెకు 21 ఏళ్లు నిండేలోపు మీ డేట్ రావాలన్న గడువు మీకు ఉంది. అందువల్ల డాలస్‌లో కొత్త పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో కంపెనీ అటార్నీ చేత ఈమెయిల్‌లో చెప్పించుకోనిదే కదలవద్దు. మీ శ్రీమతి ఈఏడీ ఏ ఊరికీ కట్టుబడినది కాదు, ఆమె విషయంలో యజమాని అనుమతి ఒక్కటే చాలు. మీ వైపు వీసా చిక్కు తేలకపోతే ఆమెకు డాలస్‌లో మంచి ఉద్యోగం దొరికినా మీరు ఆగవలసిందే.

కాలిఫోర్నియా పన్ను మీరు రాష్ట్రం దాటిన రోజుతో ఆగిపోదని కూడా గుర్తుంచుకోండి. కంపెనీ షేర్లు కేటాయించిన రోజు నుంచి అవి మీ సొంతమైన (వెస్ట్ అయిన) రోజు వరకు ఉన్న పనిదినాలలో ఎన్ని కాలిఫోర్నియాలో గడిచాయో ఆ నిష్పత్తిలో ఈ షేర్ల (ఆర్‌ఎస్‌యూ) ఆదాయం మీద ఆ రాష్ట్రానికి హక్కు ఉంటుంది. కనుక మారిన తరువాత కూడా రెండు మూడేళ్లు 540ఎన్‌ఆర్ అనే, కాలిఫోర్నియా నివాసులు కానివారి రిటర్ను వేయవలసి రావచ్చు. న్యూయార్క్ లాగా, వేరే రాష్ట్రంలో కూర్చుని పని చేసినా కంపెనీ ఉన్న రాష్ట్రమే పన్ను వేసే «యజమాని సౌకర్యం» అన్న నియమం కాలిఫోర్నియాకు లేదు, టెక్సాస్‌లో కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం, కంపెనీ శాన్ హోసేలో ఉన్నా, వారి పన్నుకు రాదు. మీటింగుల కోసం అక్కడికి వెళ్లి పని చేసిన రోజులు మాత్రం వస్తాయి, ఆ రోజుల లెక్క రాసుకోండి.

ఇక్కడే చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. బడి ఏడాది పూర్తయ్యేవరకు భార్యాపిల్లలు ఫ్రీమాంట్‌లో ఉంటారు, భర్త ముందుగా డాలస్‌కు వెళతాడు, ఇది మనవాళ్లలో మామూలు ఏర్పాటు. టెక్సాస్, కాలిఫోర్నియా రెండూ దంపతుల సంపాదనను ఉమ్మడి ఆస్తిగా చూసే రాష్ట్రాలు. భర్త టెక్సాస్‌లో స్థిర నివాసం ఏర్పరచుకున్నా, భార్య ఇంకా కాలిఫోర్నియా నివాసి అయితే, అతని జీతంలో సగం ఆమె వాటాగా లెక్కించి దాని మీద కాలిఫోర్నియా పన్ను వేస్తుంది. ముందుగా వెళ్లడం వల్ల పన్ను పూర్తిగా తప్పుతుందని మొదలుపెట్టిన ఏర్పాటులో సగమే తప్పుతుంది, పైగా రెండు ఇళ్ల అద్దె. పిల్లల చదువు కోసం ఆగడం తప్పు కాదు, కాని అలా అయితే నలుగురూ ఒకేసారి జూన్‌లో బయలుదేరండి.

అదృష్టవశాత్తు మీ పెద్దమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉంది. తొమ్మిది మొదలయ్యే ఆగస్టుకు ముందే రావడం, పదిలోనో పదకొండులోనో రావడం, ఈ రెండింటికీ చాలా దూరం. టెక్సాస్‌లో 1997 చట్టం ప్రకారం తరగతి ర్యాంకులో పై పది శాతం వారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో స్వయంచాలకంగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం మాత్రం ఆ పరిమితిని 6 శాతానికి, 2026 శరదృతువు ప్రవేశాల నుంచి 5 శాతానికి తగ్గించింది. ఇది విని చాలామంది తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఫ్రిస్కో, కాపెల్, ప్లేనో బడులలో ఆ పై అయిదు శాతంలో ఉండటం ఎంత కష్టమో తరువాత తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ పోటీ పడేది మీలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే. ర్యాంకు తొమ్మిదో తరగతి నుంచే లెక్కకు వస్తుంది. కాలిఫోర్నియా బడిలో చదివిన ఆనర్స్, ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులకు ఇక్కడి బడి ఎంత వెయిటేజీ ఇస్తుందన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది, అందుకే మధ్యలో మారే పిల్లలు తమ తప్పు లేకుండానే ర్యాంకు కోల్పోతారు. అమ్మాయి బర్కిలీ గురించో లాస్ ఏంజెలెస్ గురించో కలలు కంటుంటే మరొక మాట. కాలిఫోర్నియా నివాసం వదులుకుంటే యూసీలలో (కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో) నివాసుల ఫీజు కూడా వదులుకున్నట్లే, ఆ తేడా నాలుగేళ్లకు లక్ష డాలర్లకు పైమాటే. ఈ విషయాన్ని ఆమెతో కూర్చుని మాట్లాడండి. బాబు వయసుకు ఇవేవీ అడ్డు కావు.

ఉద్యోగాల సంగతి నాకు ఎక్కువ ఆందోళన కలిగించే అంశం. డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలకు కొదవ లేదు. టొయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని టోరెన్స్ నుంచి ప్లేనోకు తరలిస్తున్నట్లు 2014లో ప్రకటించి, 2017లో కొత్త ప్రాంగణం తెరిచింది. చార్లెస్ ష్వాబ్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వెస్ట్‌లేక్‌కు వచ్చింది. క్యాపిటల్ వన్, జేపీ మోర్గాన్, స్టేట్ ఫార్మ్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ వంటివారికి ఇక్కడ పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. అయితే ఇవి ఎక్కువగా బ్యాంకులు, బీమా, రవాణా సంస్థలు. బే ఏరియాలో మీరు చేస్తున్న పని చిప్ డిజైన్ లేదా పెద్ద స్థాయి మౌలిక సాఫ్ట్‌వేర్ అయితే, ఇక్కడ దానికి సరిపోయే యజమానులు వేళ్ల మీద లెక్కించేంతమంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే. ఆ అరవై రోజులలో సన్నీవేల్ నుంచి శాంటా క్లారా దాకా పది కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లగలగడం, ఫ్రిస్కోలో కూర్చుని జీతం సగానికి తగ్గినా సరే అని ఒప్పుకోవలసి రావడం, ఈ రెండింటి మధ్య తేడా మీ అద్దె రశీదులో కనిపించదు. బే ఏరియాలో కట్టే అధిక అద్దెలో కొంత భాగం ఈ భరోసాకే కడుతున్నామని నేను అనుకుంటాను. గ్రీన్ కార్డు చేతికి వచ్చినవారికి ఈ వాదన బలం చాలా తగ్గిపోతుంది.

మిగతా ఖర్చులలో ఆశ్చర్యపడేది పెద్దగా లేదు. పెట్రోలు చౌక, పిల్లల డేకేర్ చౌక, అమ్మకపు పన్ను ఫ్రీమాంట్ కంటే రెండు శాతం తక్కువ, ఇండియన్ సరుకులు దాదాపు ఒకటే. కరెంటు యూనిట్ ధర మీరు ఇప్పుడు కడుతున్నదానిలో సగం కూడా ఉండకపోవచ్చు, కాని జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఏసీ ఆపరు కనుక పెద్ద ఇంటికి బిల్లు అంతే వస్తుంది. ఫ్రిస్కోకు డాలస్ స్థానిక రైలు (డార్ట్) లేదు. డాలస్ నార్త్ టోల్‌వే, సామ్ రేబర్న్ టోల్‌వే మీద రోజూ తిరిగేవారికి నెలకు వంద డాలర్లు దాటడం మామూలే, ఇద్దరికీ రెండు కార్లు తప్పవు. కాలిఫోర్నియాలో భూకంపమంటే భయం, ఇక్కడ 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు రాష్ట్రంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు పోయి, ఇళ్లలో గొట్టాలు పగిలిన సంగతి ఎవరినడిగినా చెబుతారు. గుడులకు, తెలుగు బడులకు, కూచిపూడి తరగతులకు లోటు లేదు. ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో శనివారం నాడు మీకు తెలిసినవారు ఇద్దరైనా కనిపిస్తారు. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇక్కడి ఎండ వారికి కొత్తేమీ అనిపించదు. కాని ఫ్రీమాంట్‌లో లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిచి తోటివారితో కబుర్లు చెప్పుకున్నట్లుగా, ఆగస్టులో ఇక్కడ నడిచి వెళ్లే చోటు ఉండదు.

ఫ్రీమాంట్‌లోనే ఇల్లు ఉన్నవారు ఇది చదువుతుంటే ఒక్క మాట. 2020, 2021లలో మూడు శాతం వడ్డీకి తీసుకున్న రుణం, ప్రొపొజిషన్ 13 కింద ఉన్న పన్ను, ఈ రెండూ ఇల్లు అమ్మితే తిరిగి రావు. అద్దెకు ఇచ్చి వస్తే, గత అయిదేళ్లలో రెండేళ్లు అందులో నివసించి ఉండాలన్న నియమం దాటిపోకముందే అమ్మాలో వద్దో తేల్చుకోవాలి. లేకపోతే దంపతులకు ఉన్న 5 లక్షల డాలర్ల లాభ మినహాయింపు పోతుంది.

మీ విషయంలో నా సలహా ఇది. హెచ్‌ఆర్ లేఖలో కోత పది శాతానికి మించకుండా ఉండి, అటార్నీ కొత్త పెర్మ్‌కు తేదీ చెబితే, వచ్చే జూన్‌లో నలుగురూ రండి. కోత పదిహేను దాటితే, లేదా పెర్మ్ మాట దాటవేస్తే, బే ఏరియా ఉద్యోగంలోనే ఉండి ట్రేసీ వైపో మాంటెకా వైపో అద్దె తక్కువ ఉన్న చోటు చూసుకోవడం మేలు. అక్కడి నుంచి ప్రయాణం కష్టమే, అయినా ఆఫీసుకు వారానికి రెండు రోజులే వెళ్లవలసినవారికి అది భరించదగినదే. అక్కడికి మారే ముందు కూడా అటార్నీని ఒక మాట అడగండి, ఎందుకంటే ఆ ఊళ్లు వేరే మెట్రోపాలిటన్ ప్రాంతంలోకి వస్తాయి. డాలస్‌కే వస్తే మొదటి ఏడాది తప్పనిసరిగా అద్దెకే ఉండండి, అలా మిగిలినదాన్ని పక్కన పెట్టండి. ఏ బడి, ఏ ఆఫీసు, ఏ రోడ్డు మీ జీవితంలో నిలుస్తాయో ఆ ఏడాదిలో తెలుస్తుంది. ఇల్లు చూడటానికి మార్చిలో పచ్చటి గడ్డి, చల్లటి గాలి ఉన్నప్పుడు రావద్దు, ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం మూడింటికి రండి. వచ్చాక 30 రోజులలో కారు రిజిస్ట్రేషను, 90 రోజులలో డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవాలి. లైసెన్సు గడువు మీ హెచ్-1బీ గడువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, సవరణ ఆమోదపు కాగితం చేతికి వచ్చాక వెళితే రెండుసార్లు క్యూలో నిలబడే పని తప్పుతుంది.